గిడుగు రామమూర్తి పంతులుగారు – సవరల మాట

వంశధారానది యొడ్డున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువగా, పర్వతాలపేట యను చిన్న గ్రామము కలదు. నేడది శ్రీకాకుళము జిల్లాలోనిది. 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆ గ్రామమున వీర్రాజు, వేంకమ్మ దంపతులకు గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. ఆ తేదీని తెలుగువారు నేడు తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నారు. ఆనాడు పంతులుగారి పటమునకు పూలమాల వేసి, వారు వ్యావహారిక భాషకై పోరాడిరని చెప్పి, అంతటితో ముగించుట పరిపాటి. చెప్పిన మాట సత్యమే. కాని వారి జీవితములో పెద్దభాగము తెలుగు కాని మరియొక భాషకు అర్పింపబడినది. ఆ భాగమును ఎరుగనిదే వారి తెలుగు పోరాటము మనకు సరిగా అర్థము కాదని మా యభిప్రాయము. పొరుగు భాషల నడుమ తెలుగు చదువుకొనుచున్న మన పిల్లలకు ఆ కథ మరింత దగ్గరిది. కావున దానిని కొంత విపులముగ చెప్పదలచితిమి.

వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. వారు చోడవరమునకు బదిలీయై 1875లో అచటనే మరణించిరి. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. విశాఖపట్టణమున బంధువుల యింటనుండి చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషను ముగించిరి. ఆ చదువునాటి సహాధ్యాయులలో గురజాడ అప్పారావుగా రొకరు. వారిద్దరి స్నేహము తెలుగు భాషాచరిత్రలో ఒక ఘట్టమైనది. దాని ప్రస్తావన ముందు వచ్చును. 1880లో, పదునేడేండ్ల ప్రాయమున, రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగ చేరిరి. ఇల్లు గడుపుకొనుచు, పగలు పాఠములు చెప్పుచు, తీరిక వేళల స్వయముగ చదివి ఎఫ్. ఏ., పిమ్మట 1896లో బి. ఏ. పరీక్షలలో కృతార్థులైరి. ఆ సంస్థానపు విద్యాలయములోనే చరిత్ర బోధించుచు 1911 వరకు పనిచేసిరి. ఉద్యోగరీత్యా చెప్పదగిన కథ ఇంతే.

చరిత్ర చెప్పు పంతులుగారికి తాము పుట్టిన చోటనే చరిత్ర రాళ్ళపై చెక్కబడి కనబడినది. శ్రీముఖలింగేశ్వరుని దేవాలయమున గాంగరాజుల నాటి శాసనములు పెక్కులు కలవు. ప్రాచీన లిపి చదువుట నేర్పువా రచట లేరు. పంతులుగారు తామే లిపుల పట్టికలు ముందు పెట్టుకొని అక్షర మక్షరముగ నేర్చుకొనిరి. గాంగుల రాజధానియైన కళింగనగరము సముద్రతీరమున కళింగపట్టణము వద్ద నుండెనని కొందరు పండితులు తలచుచుండగా, అది ముఖలింగమేయని శాసనముల యాధారముతో వాదించిరి. ఒక పేరు వినగానే దానికి మనమెరిగిన అర్థమును అంటగట్టరాదనియు, ఆ పేరును వాడినవారి మాటలలోనే దాని యర్థమును వెదుకవలెననియు వారు ఈ పనిలోనే నేర్చి యుందురు. తరువాత కొండలలో వారికి అక్కరకు వచ్చిన పాఠ మదియే.

పర్లాకిమిడి కొండల పాదమున నున్న పట్టణము. నైరుతి కొండలనుండియు ఉత్తరపు కొండలనుండియు సవరలు సంతకు దిగి వచ్చుచుండిరి. పట్టణమున తెలుగు, ఒడియా రెండును వినబడుచుండెను. సవరలు మాటాడునది ఈ రెండును కాదు. ఉప్పు కొనవలెనన్నను, అప్పు తీర్చవలెనన్నను, కచేరిలో తమ మొర చెప్పుకొనవలెనన్నను వారికి దుబాసీ కావలెను. దుబాసీ యనగా రెండు భాషలవాడు. వాడు సవరమాటను తెలుగులోనికి మార్చునపుడు ఎంత మిగులునో, ఎంత జారిపోవునో కనిపెట్టగలవారు ఆవలగాని ఈవలగాని లేరు. తాను చెప్పినది అధికారి చెవికి ఏ రూపమున చేరినదో సవరకు తెలియదు. అధికారి తీర్పు తనకు ఏ రూపమున చేరినదో అదియు తెలియదు. భూమి పోయినను, జరిమానా పడినను, అది తన నేరమువలననా, మధ్యవర్తి నాలుకవలననా యని విచారించుట కాధారము లేదు. ఈ స్థితిని కన్నులార చూచుచున్న పట్టణవాసులు వేలకొలది. వారిలో ఒక్క బడిపంతులుగారికి మాత్రము ఆ భాషను తామే నేర్చుకొని, వారికి చదువు చెప్పవలెనను కోరిక కలిగినది.

నేర్చుకొనుటకు పుస్తకము లేదు. సవరభాషకు నాడు వ్రాతయే లేదు. తెలుగు, సవర రెండును వచ్చిన ఒక మనిషిని పంతులుగారు తమ యింటనే ఉంచుకొని, ఏండ్లతరబడి వానివద్ద శిష్యరికము చేసిరి. కాలినడకను కొండలకు పోయి పల్లెలలో కూర్చుండి వినుచుండిరి. భాష నేర్చువారు సాధారణముగ వస్తువును చూపి పేరడుగుదురు. రాయి, చెట్టు, నీరు అను మాటలవరకు ఈ పద్ధతి చక్కగా సాగును. వ్రేలితో చూపుటకు వీలుకాని మాటలు వచ్చినపుడే చిక్కు మొదలగును.

సవరలలో సోనుమ్ అను మాట యున్నది. మైదానపు మనిషి దానిని వినినచో తన యలవాటు చొప్పున దయ్యమని తెలుగు చేయును, ఇంకొకడు దేవుడనును. ఈ రెంటిలో ఏదియు దానికి సరిపోదు. చనిపోయిన తాతయు సోనుమే. రోగము తెచ్చునదియు సోనుమే. పంటను కాచునదియు సోనుమే. చనిపోయినవారు తమ వారిని విడిచిపోరనియు, ఆగ్రహించి బాధింతురనియు, బ్రతిమాలిన శాంతించి కాపాడుదురనియు వారి నమ్మకము. చనిపోయినవారు పూజారిణి నోట మాటాడుదురని నమ్మి, బంధువులు చుట్టును కూర్చుండి వారితో వాదింతురు, ఏడ్తురు, నిష్ఠురములాడుదురు. ఈ యాచారము నెరుగక ఆ యొక్క మాటకు అర్థము వ్రాయుట యెట్లు? దయ్యమని వ్రాసినచో సవర తన తాతను దయ్యమనుచున్నాడని మనము నవ్వుదుము. దేవుడని వ్రాసినచో వాడు దేవునితో జగడమాడుచున్నాడని మరల నవ్వుదుము. ఈ రెండు నవ్వులకును మూలము మన యజ్ఞానమే.

ఇది కొండజాతులకు మాత్రమే సంబంధించిన వింత యని మన విద్యార్థులు తలపవలదు. అవసరము అను మాటను చూడుడు. తెలుగున దాని కర్థము అక్కర. కన్నడమునను, తమిళమునను అదే మాటకు తొందర యని యర్థము. మన ఒడియా మిత్రులకు అదియే తీరిక. ఉద్యోగవిరమణకును వారు ఆ మాటనే వాడుదురు. మాట సంస్కృతమునుండి వచ్చినది. నాలుగు ఇండ్లలో పెరిగి మూడు రీతులైనది. మాటలు వేరైనచోట మనము జాగ్రత్తపడి అడుగుదుము. మాట ఒక్కటియై అర్థము వేరైనచోటనే అడుగక మోసపోదుము.

సవరభాష కట్టుబాటును గూర్చి కొంత చెప్పక తప్పదు. అది తెలుగు, కన్నడ, తమిళముల ద్రావిడకుటుంబమునకు చెందినది కాదు. ఒడియావలె సంస్కృతమునకు జ్ఞాతియు కాదు. సంతాలీ, ముండారీ మొదలైన భాషలతో గూడి ముండా కుటుంబము. ఆ కుటుంబమునకు దూరపు చుట్టములు కాంబోడియా, వియత్నాము దేశములలో నున్నవి. సవరలో క్రియాపదము నామపదమును తన కడుపులోనికి ఇముడ్చుకొనును. మనము మూడు నాలుగు మాటలతో చెప్పు వాక్యమును వారు ఒక్క పదముతో ముగింతురు. మాట నడుమ గొంతుకలో శ్వాసను క్షణకాలము బిగించి విడుచు ధ్వని యొకటి వారికి కలదు. దానికి తెలుగున అక్షరము లేదు. మనకు అది వినబడనే వినబడదు, ఏలనన మన చెవికి దానిని లెక్కచేయు నలవాటు లేదు. పంతులుగారు పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివి, తమ చెవికి తామే శిక్షణ యిచ్చుకొనిరి. తెలుగుదేశమున ఆ శాస్త్రమును అంత శ్రద్ధతో అభ్యసించినవారు ఆనాడు బహుకొలది.

వారి లెక్కయు వేరు. మనము పదింటిని మెట్టుగా పెట్టుకొని లెక్కింతుము. సవరలు పండ్రెండును ఒక మెట్టుగను, ఇరువదిని మరియొక మెట్టుగను పెట్టుకొందురు. వారి పదమూడు పండ్రెండును ఒకటియు. వారి పందొమ్మిది పండ్రెండును ఏడును. ముప్పదిమూడు అనవలెనన్నచో ఇరువది, పండ్రెండు, ఒకటి అని మూడు మెట్లు దిగుదురు. ఇట్టి యింట పెరిగిన బాలుని తెచ్చి తెలుగుబడిలో కూర్చుండబెట్టి ఎక్కములు చెప్పింపుడు. వాడు ఒకింత ఆగును. మనస్సులో తన మెట్లు దిగి మన మెట్లు ఎక్కవలెను గదా! ఆ యాగుటను చూచి మందమతి యని వానిపై ముద్ర వేయుట ఏ పంతులుకైనను సులభము. ఆ బాలునికి లెక్క రాకకాదు, పంతులుకు బాలుని లెక్క రాకనే ఆ ముద్ర పడుచున్నది.

రామమూర్తిగారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పవలెనని నిశ్చయించిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. పాటలు, కథలు సేకరించిరి. తమ సొంత సొమ్ముతో బడులు పెట్టించి ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. పంతులుగారు ధనికులు కారు. ఒక సంస్థానపు విద్యాలయమున జీతమునకు పనిచేయు గృహస్థు. కుటుంబమును పోషించుకొనుచు, తనవి కాని పిల్లల బడికి తన జీతములో భాగము పంచుట ఎట్టిదో పిల్లల ఫీజులకై తడుముకొను తండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వము ఈ సేవను గుర్తించి 1913లో వారికి బిరుదము నొసగినది. పిమ్మట కైజర్-ఇ-హింద్ పతకమును వచ్చినది.

కొండలు ఉట్టిచేతులతో పంపలేదు. ఆ ప్రాంతపు మలేరియా పేరుపడినది. పలుమారు జ్వరమున పడి, దానికి క్వినైను విశేషముగ పుచ్చుకొనుటచేత పంతులుగారికి చెవుడు వచ్చినదని చెప్పుదురు. జీవితమంతయు ధ్వనులను వేరుచేసి వినుటకు ధారపోసిన మనుష్యునికి ఆ వైకల్యమే సంప్రాప్తించుట మమ్ము చాల బాధించిన విషయము. వారు మాత్రము దానిని సాకుగ చూపి పని మానలేదు. తరువాతి కాలపు సభలలో ఎదుటివారి మాట సరిగ వినబడకపోయినను, తాము చెప్పదలచినది గంటలకొలది చెప్పుచునే యుండిరి. వారి వాదప్రీతిని గూర్చి ప్రతిపక్షులు విసుగుకొనిన మాటయు నిజమే.

ఇక తెలుగు సంగతి. 1907 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగ వచ్చెను. బడిలో పిల్లలకు నేర్పు తెలుగు, ఇంటను వీథిలోను వినబడు తెలుగు వేరువేరుగా నుండుట చూచి ఆయన కాశ్చర్యము కలిగెను. ఇట్లేల యున్నదని రామమూర్తిగారిని, గురజాడవారిని, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాసయ్యంగారిని అడిగెను. అంతవరకు పంతులుగారు ఆ ప్రశ్నను ఆ రూపమున వేసికొనలేదట. వేసికొనిన పిదప విడువలేదు.

ఇచట మా యూహ యొకటి విన్నవింతుము. తెలుగువాడైన యే పండితునికైనను ఆ ప్రశ్న పుట్టవలసినదే, పుట్టలేదు. దొరకు పుట్టుటకు కారణము ఆయన బయటివాడగుట. రామమూర్తిగారి మనస్సున అది వెంటనే నాటుకొనుటకు కారణము సవరలు. కొండమీది బడిలో సవర బాలుడు తెలుగు వాచకమును చదువుట ఎట్లుండునో వారు చూచియుండిరి. కదళీఫలము అని పుస్తకమున నుండును. అది అరటిపండని పంతులు చెప్పును. అరటిపండును బాలుడు తన భాషలోనికి మరల మార్చుకొనవలెను. నోటిలో పెట్టుకొనవలసిన పండు రెండు తెరల వెనుక దాగినది. సవర బాలునికి రెండు తెరలైనచో తెలుగు బాలునికి ఒకటి. తన తల్లి వాడని మాటలతో, తన తండ్రి పలుకని క్రియలతో వ్రాసిన పాఠమును వాడు వల్లెవేయును. అర్థమగుచున్నదని అందరును అనుకొందురు. సవరలకు తెలుగువారు చేయుచున్న దానినే తెలుగువారు తమ పిల్లలకును చేసికొనుచున్నారని వారికి తోచియుండును.

మాటలు కొన్ని మానవుల యాచారములలో పాతుకొని యుండును. కోశములు చూచి వానిని పట్టుకొనలేము. మన యిండ్లలో దీపము ఆరినదనరు, కొండెక్కినదందురు. ఆరుట యను మాట అశుభమని మన పెద్దల భావము. కొండమీదనే కాపురమున్న సవర బాలుడు ఆ మాట వినినచో, దీపము మా యూరికి బయలుదేరినదా యని చూడకుండునా? ఇంట బియ్యము లేనపుడు లేవని యిల్లాలు నోట పలుకదు, నిండుకొన్నవనును. పొరుగింటి ఒడియా యమ్మగారికి దీనిని మాటకు మాటగ చెప్పిచూడుడు. మీ గాదె నిండినందుకు ఆమె సంతోషించి పోవును, మీ కుండ మాత్రము పొయ్యి ఎక్కదు. ఊరికి పోవు తెలుగువాడు పోయి వచ్చెదననును. వెంటనే తిరిగి వచ్చునని వినువాడు వాకిట నిలువడు. ఇవి యెల్ల మాటలలోని యర్థములు కావు, మాటలాడువారి నడుమ నుండు అర్థములు. ఇట్టివి సజీవముగ నుండునది వాడుకలోనే. వాడుకను బడినుండి వెళ్ళగొట్టినచో ఇవి గూడ దానితోనే వెళ్ళునని పంతులుగారి వాదమునకు మేము చెప్పుకొను తాత్పర్యము.

వారు కోరినది ఎవరికి తోచినట్లు వారు వ్రాయుట కాదు. చదువుకొనిన పెద్దమనుష్యులు తమలో తాము మాటాడుకొను భాషను, శిష్టవ్యావహారికమును, వచనమునకును బోధనకును వాడవలెననియే. ప్రాచీన కావ్యములను వారు నిరసింపలేదు. వానిని వారివలె తరచి చదివినవారు ప్రతిపక్షమున సయితము కొలదిమందియే యుండిరి. శాసనములనుండియు, పూర్వుల వ్యాఖ్యానములనుండియు, నాటి వచనమునుండియు వాడుకరూపములను కుప్పలుగా ఏరి చూపి, మన పూర్వులు గూడ పద్యమొక తీరునను వచనమొక తీరునను వ్రాసిరని నిరూపింప యత్నించిరి. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అను వారి గ్రంథముయొక్క పేరును చూడుడు. భిషక్కు వైద్యుడు. భేషజము సంస్కృతమున మందు. తెలుగు వాడుకలో ఆడంబరము. పండిత వైద్యులు భాషకు మందు వేయుచున్నారనియు, ఆ మందు వట్టి డాబనియు ఒక్క మాటతో తేల్చిరి. గ్రాంథికమునకై పట్టుపట్టిన పండితుల వ్రాతలలోనే గ్రాంథిక వ్యాకరణమునకు విరుద్ధమైన ప్రయోగములను ఆ గ్రంథమున బయటపెట్టిరి. పండితులకు కోపము రాకుండునా?

ఎదిరించినవారును సామాన్యులు కారు. 1911లో మద్రాసున ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపితమైనది. జయంతి రామయ్య పంతులుగారు దానికి ప్రాణముగ నిలిచి గ్రాంథికమును సమర్థించిరి. వారి భయమును తేలికగ త్రోసివేయుట న్యాయము కాదు. తెలుగు అనేక సీమలలో అనేక రీతుల మాటాడబడుచున్నది. కట్టుబాటు సడలినచో ఒక సీమవాని వ్రాత మరియొక సీమవానికి తెలియకపోవునని వారనిరి. సరిహద్దునకు ఈవలనున్న మనకు ఈ శంక బాగుగ అర్థమగును. ఒడిశాలోని తెలుగుమాట, బళ్ళారి తెలుగుమాట, మధుర తెలుగుమాట ఒక్కచోట కూడినచో నవ్వులాటగనే యుండును. ప్రభుత్వము కొంతకాలము పరీక్షలలో ఉభయశైలులను అనుమతించి, అలజడి పెరుగగా వెనుకకు తగ్గినది. 1915లో గురజాడవారు కాలధర్మము నొందిరి. 1919లో వీరేశలింగము పంతులుగారు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులై అండగ నిలిచినను, ఆ యేడే వారును గతించిరి. రామమూర్తిగారు అదే సంవత్సరమున పర్లాకిమిడినుండి తెలుగు అను మాసపత్రికను నడిపిరి. అది దీర్ఘకాలము సాగలేదు. ఊరూర తిరిగి, సభలలో నిలిచి, పుస్తకముల సంచి మోసికొనిపోయి, పుటలు తెరచి చూపి వాదించిరి. వారి గెలుపు వారి కాలమున పాక్షికముగనే జరిగినది. నేటి పత్రికలును, పాఠ్యపుస్తకములును వాడుకభాషలోనే వచ్చుచుండుట ఆ గెలుపు పూర్తియైనదనుటకు సాక్ష్యము. వారి జీవితమును మేము ఈ శైలిలో వ్రాయుట చూచి వారు నవ్వుదురేమో! పిల్లలు రెండు తీరులును చదువ నేర్వవలెనని మేము ఈ తీరు నెంచుకొంటిమి. కాని తమ వ్యాసములను వారు తమ మాటలలోనే వ్రాయవలెనని మా కోరిక.

ఈ పోరాటమంతయు సాగుచుండగనే సవరపని ఒకవైపున జరుగుచునే యుండెను. సుమారు ముప్పదియైదేండ్ల కృషికి ఫలముగ 1931లో వారి సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించినది. సవరపదముల ధ్వనులను అందు అంతర్జాతీయ ధ్వనిలిపి ననుసరించి గుర్తించిరి. ముండా భాషలను పరిశీలించు విద్వాంసులు దేశవిదేశములలో నేటికిని ఆ గ్రంథమును ముందు పెట్టుకొందురు.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణమును, సంస్థానములో కొంతభాగమును అందులో చేరినవి. పంతులుగారు దీనిని తీవ్రముగ నిరసించిరి. నిర్ణయము మారలేదు. ఏబదియారేండ్లుగ తాము మసలిన పట్టణమును విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. అప్పటికి వారికి డెబ్బదిరెండేండ్లు. దీనిని గూర్చి పెద్దలలో భేదాభిప్రాయములు కలవు. కొందరు దానిని ఆత్మగౌరవ మందురు. మరికొందరు, అచట మిగిలిన తెలుగువారికి వారి అండ లేకపోయెననియు, సవర కొండలు దూరమయ్యెననియు విచారింతురు. వెళ్ళినవారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. మిగిలినవారు మన తాతలు. వారు మిగులుటచేతనే ఇచట మన బడియు, ఈ పత్రికయు ఉన్నవి.

ఒక సంగతి మాత్రము తలచుకొనదగినది. పర్లాకిమిడిలో అంతవరకు తెలుగు పెద్దభాష, సవర చిన్నభాష. ఆ తేదీ తరువాత తెలుగు చిన్నదైనది. సవర ఎప్పటివలెనే చిన్నది. మన పిల్లవాడు పెద్ద కచేరికి పోయి తన దరఖాస్తును పరభాషలో వ్రాయించుకొనునపుడు పడు సంకోచమును సవర మన తాతల కాలమున మన యెదుటనే పడెను. ఆనాడు అవతలి బల్లవద్ద కూర్చుండినది మనవారు. ఆ బల్లవద్దనుండి లేచి ఇవతలికి వచ్చి, సవర ప్రక్కన నేలపై కూర్చుండి విన్నవారు రామమూర్తి పంతులుగారు.

ఆ 1936లోనే మంగేయి గొమాంగో అను సవర తన జాతి భాషకు సొరంగ్ సోంపెంగ్ అను లిపిని కల్పించెను. తెలుగు అక్షరములును, ఒడియా అక్షరములును, రోమను అక్షరములును తమ మాటను పూర్తిగ మోయలేవని సవరలు తమకు తామే అక్షరము దిద్దుకొనిరి. 2012లో కంప్యూటర్లకు లిపిప్రమాణమైన యూనికోడులో దానికిని చోటు లభించినది.

రాజమహేంద్రవరమున పంతులుగారు విశ్రాంతి కోరలేదు. 1938లో వారి సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది. అదే సంవత్సరమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో వారిని గౌరవించినది. 1940 జనవరి మధ్యలో మద్రాసున పత్రికా సంపాదకులను సమావేశపరచి, పత్రికలు వాడుకభాషను చేపట్టవలెనని కోరిరి. ఆ నెల 22వ తేదీన, డెబ్బదియారేండ్ల ప్రాయమున, పరమపదించిరి. వారి కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రితో గూడి సవరభాషను అభ్యసించినవారే. 1969లో గతించువరకు ఆ కృషిని విడువలేదు. నిఘంటువు కెక్కిన ఆ భాషను నేటికిని సరిహద్దునకు ఇరువైపుల, ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను ఆంధ్రప్రదేశములోని శ్రీకాకుళపు కొండలలోను, సవరలు తమ పిల్లలతో మాటాడుచున్నారు.